సామి కిరీటం యాడబోయింది?

పోయిన ధనుర్మాసంలో మా అవ్వకు శుక్లం ఆపరేషన్ అయింది. వారం గడిచి నల్ల కళ్ళద్దాలు తీసేశాక మొట్టమొదట అడిగిన కోరిక ఇదీ: "ఇప్పుడు బాగా కనబడతా ఉండాది నాయనా, ఆ ఎంకటేశ్వరసామి బొమ్మ పెట్టు." మా చిత్తూరు పక్క సినిమాను బొమ్మ అనే అంటారు. అవ్వ అడిగింది 1960లో పి.పుల్లయ్య తీసిన శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం. రామారావు స్వామి, సావిత్రి పద్మావతి, శాంతకుమారి వకుళమాత. ఇదే కథను పుల్లయ్య 1939లో కూడా తీశాడు. అప్పట్లో శాంతకుమారి పద్మావతి. ఇరవై ఒక్క ఏళ్ళ తేడాలో అదే మనిషి ఆ కథలోనే పెళ్ళికూతురి వేషం నుంచి తల్లి వేషానికి వచ్చింది. నాకు ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఏదోలా ఉంటుంది.

ఆన్‌లైన్‌లో దొరికిన కాపీని ఫోన్ నుంచి టీవీకి కలిపి పెట్టాను. అవ్వ మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆమె ఈ బొమ్మను పెళ్ళి కాకముందు, చంద్రగిరి దగ్గర టూరింగ్ టాకీసులో నేలమీద కూర్చుని చూసిందట. స్వామి కనబడగానే జనం కొబ్బరికాయలు కొట్టారట. ఘంటసాల తానే తెరమీద కనిపించి స్వామి సన్నిధిలో పాడే ఘట్టం వచ్చింది. అవ్వ చేతులు జోడించింది. ఒక్క నిమిషం చూసి, జోడించిన చేతులు అట్లనే ఉంచి నావైపు తిరిగింది.

"ఏంది నాయనా ఇది, సామి కిరీటం యాడబోయింది?"

నిజంగానే కిరీటం లేదు. విగ్రహం నుదుటి దగ్గరే తెర అయిపోయింది. పద్మావతి కొప్పు లేదు. నిలబడి మాట్లాడేవాళ్ళ తల పైభాగం లేదు, కింద పాదాలూ లేవు. పై మూలన మాత్రం అప్‌లోడ్ చేసినవాళ్ళ ముద్ర పసుపు రంగులో గుండ్రంగా తిరుగుతోంది.

కారణం చెప్పడానికి రెండు ముక్కలు చాలు. అప్పటి సినిమా బొమ్మ దాదాపు చదరంగా ఉండేది, ఎత్తు ఒకటైతే వెడల్పు 1.37. ఇప్పటి టీవీ వెడల్పు 1.78. పక్కన నల్లటి ఖాళీ కనబడితే జనానికి నచ్చదని ఎవరో బొమ్మను వెడల్పుకు సాగదీసి, పైనా కిందా మిగిలిందంతా కోసేశారు. లెక్క వేసి చూడండి, ఎత్తులో దాదాపు నాలుగో వంతు పోతుంది. సినిమా మొత్తంలో ప్రతి ఫ్రేములోనూ నాలుగో వంతు! మూడు గంటల సినిమా తీసుకుంటే, సెకనుకు 24 చొప్పున 2,59,200 ఫ్రేములు. అన్నింటికీ అదే కోత. కెమెరామన్ లైట్లు పెట్టి, కళా దర్శకుడు తోరణాలు కట్టించి, మేకప్ మనిషి కిరీటం సరిచేసి తీసిన బొమ్మను ఎవరో ఒక మీట నొక్కి తెగ్గోశారు.

అవ్వకు నేనిదంతా చెప్పలేదు. "ఈ కాపీ బాగలేదవ్వా" అన్నాను. "బాగుండేది తెచ్చి పెట్టు" అంది. అదేదో నేను మార్కెట్టుకు పోయి మంచి వంకాయలు ఏరి తేవచ్చన్నంత మామూలుగా.

తేలేకపోయాను. ఆ బాధతోనే ఈ వ్యాసం రాస్తున్నాను.

నా బల్ల సొరుగులో ఒక నోటు పుస్తకం ఉంది. పన్నెండేళ్ళుగా అందులో, దేశదేశాల పాత సినిమాలు ఏవి ఏ తేదీన డిస్కుగా రాబోతున్నాయో రాసుకుంటున్నాను. అమెరికాలో క్రైటీరియన్ అనే సంస్థ ఉంది. 1984లో లేజర్‌డిస్కులతో మొదలై, ఆ తర్వాత డీవీడీ, బ్లూరే, ఇప్పుడు వాటికన్నా స్పష్టమైన 4కే వరకు వచ్చింది. ప్రతి నెలా నడిమధ్యలో, మూడు నెలల తర్వాత రాబోయే సినిమాల పేర్లు ప్రకటిస్తుంది. ఇంగ్లండులో ఆరో, ఇండికేటర్, యురేకా, సెకండ్ రన్ ఉన్నాయి. పేరున్న క్లాసిక్కులే వేస్తారనుకోకండి. అరవైలలో ఇటలీలో తీసిన చవక కౌబాయ్ సినిమా, హాంకాంగ్ కరాటే సినిమా, రెండో ఆటకు నలుగురు కూడా లేని దెయ్యాల సినిమా, ఏది వేసినా అదే శ్రద్ధ. నెగెటివ్ ఎక్కడ దొరికింది, ఎన్ని అడుగులు పాడయ్యాయి, ఏ ల్యాబులో స్కాన్ చేశారు, రంగులు ఎవరు సరిచూశారు, అన్నీ లోపల పెట్టే చిన్న పుస్తకంలో రాస్తారు. బతికున్న కెమెరామన్ ఉంటే పిలిచి కూర్చోబెట్టి మాట్లాడిస్తారు.

నెలనెలా ఆ జాబితాలు వచ్చినప్పుడు నేను మొదట భారతదేశం పేరు కోసం వెతుకుతాను. అప్పుడప్పుడు దొరుకుతుంది. సత్యజిత్ రాయ్ సినిమాలు వచ్చాయి. ఉదయశంకర్ 1948లో మన మద్రాసు జెమినీ స్టూడియోలో తీసిన కల్పన, హాలీవుడ్ దర్శకుడు మార్టిన్ స్కోర్సెసి పూనుకున్న ప్రపంచ సినిమా ప్రాజెక్టు ద్వారా బాగుపడి 2012లో కాన్స్ చిత్రోత్సవంలో ఆడి, పదేళ్ళ తర్వాత క్రైటీరియన్ పెట్టెలోకి చేరింది. అడూర్ గోపాలకృష్ణన్ మలయాళ సినిమా ఎలిప్పత్తాయంను సెకండ్ రన్ వేసింది. పాత తెలుగు సినిమా పేరు మాత్రం నాకు ఇంతవరకు ఒక్కటీ తగల్లేదు. బాహుబలి, ఆర్ఆర్ఆర్ జపాన్‌లో అందమైన అట్టపెట్టెల్లో బ్లూరేలుగా వచ్చాయి, సంతోషమే. వాటి తాతముత్తాతల సంగతి ఏమిటి?

ఈ మాట అన్నప్పుడల్లా మిత్రులు చెప్పేది ఒకటే: అన్నీ యూట్యూబులో ఉన్నాయి కదా, డిస్కుల కాలం పోయింది కదా అని.

యూట్యూబుకు నేను రుణపడి ఉన్నాను, ఆ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. పాత వీడియో కంపెనీలు తమ దగ్గరున్న టేపులను అక్కడ పెట్టకపోతే, నా తరం సగం తెలుగు సినిమా చూసి ఉండేది కాదు. కానీ ఆ కాపీ ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి వెనక్కి నడిచి చూడాలి. చాలా వాటికి మూలం, ఇరవై ముప్పై ఏళ్ళ కిందట టీవీ ప్రసారం కోసమో క్యాసెట్ల కోసమో చేసిన టేపు. ఆ టేపుకు మూలం థియేటర్లలో తిరిగి తిరిగి గీతలు పడ్డ ప్రింటు. ఆ ప్రింటు తెగిన చోటల్లా రెండు మూడు ఫ్రేములు కత్తిరించి అతికించినది. దాని మీద వీసీడీ. మా తిరుపతిలో అద్దె షాపుల నిండా ఉన్న వీసీడీలు గుర్తున్నాయా? ఒక్కో బొమ్మకు అడ్డం 352 చుక్కలు, నిలువు 288 చుక్కలు, అంతే. ఒక డిస్కులో గంటా పావు పట్టేది కాబట్టి మన సినిమాకు రెండు మూడు డిస్కులు. పాట మధ్యలో ఆగిపోయి రెండో డిస్కు వేయమనేది. అట్లా పుట్టిన కాపీని ఇప్పుడు పెద్దది చేసి, మెత్తగా తుడిచి, పైన 4కే అని రాసి పెడుతున్నారు. మొహాలు మైనం బొమ్మల్లా ఉంటాయి. సావిత్రి చెంప మీద చర్మం లేదు, అద్దిన పిండి ఉంది.

కెమెరామన్ మార్కస్ బార్ట్లీ వెన్నెల అని మనవాళ్ళు పాట పాడినట్టు చెప్పుకుంటారు. 1957 మాయాబజార్‌లో పడవ పాట వెన్నెల. ఆ వెన్నెల అంటే ఏమిటి? నలుపుకు తెలుపుకు మధ్య ఉన్న వంద రకాల బూడిద రంగులు. కాపీ మీద కాపీ తీస్తే మొదట చచ్చేవి అవే. నల్లవన్నీ బొగ్గు ముద్దలవుతాయి, తెల్లవన్నీ సున్నం అవుతాయి. 2010లో రంగులు వేసిన మాయాబజార్ వచ్చినప్పుడు నేనూ మా నాయనా కలిసి థియేటరుకు వెళ్ళి చూశాం, పిల్లలు కేరింతలు కొట్టారు, ఆ పని చేసినవాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ రంగులు వేయడానికి పెట్టిన శ్రమను ఆ బూడిద రంగులను కాపాడటానికి పెట్టి ఉంటే బార్ట్లీ ఏం చూశాడో మనమూ చూసేవాళ్ళం. నాకు కావలసింది ఆ నలుపు తెలుపు సినిమా, నెగెటివ్ నుంచి తీసినది, కోత లేనిది, ఇంట్లో నా చేతికి అందేది.

ఫిల్ము గురించి నాకు తెలిసిందంతా మా వీధి ఆపరేటర్ మామ చెప్పిందే. ముప్పై ఏళ్ళకు పైగా తిరుపతి టాకీసుల్లో ప్రొజెక్టర్లు నడిపిన మనిషి. మన ఊళ్ళో సినిమా హాలు ఎంత లోతుగా పాతుకుపోయిందంటే, రోజూ ఆటోవాళ్ళు కేకేసే లీలామహల్ సర్కిల్ పేరే ఒక హాలుది. కార్బన్ కడ్డీల వెలుతురు రోజుల నుంచి డిజిటల్ పెట్టె వచ్చేవరకు మామ అన్నీ చూశాడు. రీలు మారే ముందు తెర కుడిచేతి పై మూలన ఒక చుక్క మెరుస్తుంది, అది చూసి రెండో ప్రొజెక్టరు మోటారు వెయ్యాలి, ఇంకో చుక్క చూసి మార్చాలి. ఆ చుక్కల కోసం కాచుకుని కాచుకుని, ఇప్పటికీ టీవీలో పాత సినిమా వస్తే మామ కళ్ళు ఆ మూలకే పోతాయి.

ఒకరోజు మామ అటక మీది నుంచి బిస్కెట్ డబ్బా దించాడు. తెగిన ప్రింట్ల ముక్కలు అందులో దాచుకున్నాడు. మూత తీయగానే ఘాటైన పులుపు వాసన గుప్పుమంది, ఊరగాయ జాడీలో సిర్కా పోసినట్టు. "ముట్టుకో అల్లుడూ, జాగర్త" అన్నాడు. ఒక ముక్క తీసి ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకున్నాను. నాలుగు వేళ్ళ పొడవు, ఓ నాలుగు ఫ్రేములు. అంచులు వడియంలా వంకర తిరిగాయి. ఎవరో హీరోయిన్, చేతిలో పూలబుట్ట. చీర గులాబి, చెట్లు గులాబి, ఆకాశం గులాబి. "అది పచ్చ చీర" అన్నాడు మామ. "నేను వంద ఆటలు ఏసినా ఆ బొమ్మ. నాకు తెలీదా, అది ఆకుపచ్చ చీర."

ఆ వాసనకు కారణం ఉంది. యాభైల నుంచి వచ్చిన ఫిల్ము అడుగు పొర ఎక్కువగా అసిటేట్. వేడికి, తేమకు అది విరిగి ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, సిర్కాలో ఉండేది అదే. ఒకసారి మొదలైతే తన ఆమ్లమే తనను ఇంకా తొందరగా తింటుంది. ఒక డబ్బాకు పడితే పక్క డబ్బాకూ అంటుకుంటుంది. అంతకు ముందరి ఫిల్ము నైట్రేట్, అది నిప్పు తగిలితే ఆర్పలేని సరుకు. ఇక రంగుల సంగతి చూస్తే, డెబ్భైల నాటి చాలా ప్రింట్లలో నీలం వైపుదీ పసుపుదీ వెలిసిపోయి ఎరుపు వైపుది మాత్రమే మిగులుతుంది. అందుకే పచ్చ చీర గులాబి అయింది. చల్లగా, పొడిగా ఉన్న గదిలో పెడితే ఇవన్నీ దశాబ్దాల పాటు ఆగుతాయి. మన దగ్గర? మే నెలలో రేణిగుంట ఎండ తెలుసు కదా. మద్రాసు ఉక్క తెలుసు కదా. తెలుగు సినిమా నెగెటివ్‌లు ఎక్కువగా దశాబ్దాల పాటు పడి ఉన్నది ఆ ఉక్కలోనే, మద్రాసు ల్యాబుల్లో. పరిశ్రమ హైదరాబాదుకు వెళ్ళిపోయింది, డిజిటల్ వచ్చి ల్యాబులు మూతపడ్డాయి, డబ్బాల మీద చిరునామాలు మాత్రం అవే ఉండిపోయాయి.

మనం ఇప్పటికే ఏం పోగొట్టుకున్నామో గుర్తు చేసుకోవడం మంచిది. దేశంలో మొదటి టాకీ ఆలమ్ ఆరా, 1931, ఈరోజు ఎక్కడా లేదు. ఫిల్ములో ఉండే వెండి కోసం పాత ప్రింట్లు కరిగించిన రోజులు ఉన్నాయి. 1964లో పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టి, పి.కె.నాయర్ అనే ఆయన దేశమంతా తిరిగి గోదాముల్లో, ఇళ్ళ వెనక కొట్టాల్లో పడి ఉన్న రీళ్ళు ఏరి తేకపోతే మిగిలినవీ పోయేవి. 2003 జనవరిలో ఆ పుణెలోనే జరిగిన అగ్నిప్రమాదంలో నైట్రేట్ రీళ్ళు వేల సంఖ్యలో కాలిపోయాయి.

కాలిపోయినా మనసు పెడితే ఎంత తేవచ్చో కూడా చూశాం. రాయ్ పథేర్ పాంచాలి నెగెటివ్ 1993లో లండన్ ల్యాబులో మంటల్లో చిక్కింది. మాడిన ఆ రీళ్ళను పారేయకుండా అమెరికాలో దాచారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఇటలీలోని బొలోన్యా ల్యాబువాళ్ళు చిల్లులు పడ్డ అంచులను చేత్తో మళ్ళీ కట్టి, దాదాపు నలభై శాతం సినిమాను ఆ కాలిన నెగెటివ్ నుంచే స్కాన్ చేశారు. 2015లో థియేటర్లలో వేసి, అదే ఏడాది డిస్కుగా అమ్మారు. ఆ డిస్కు మా ఇంట్లో ఉంది. అందులో దుర్గ అనే పిల్ల వానలో తడిసేటప్పుడు ఒక్కో చినుకు వేరుగా కనిపిస్తుంది.

ఇదంతా ఎవరో చేయాల్సింది, మన వల్ల కాదు అనుకునేవాళ్ళకు నేను కొండ మీది ఒక అర గుర్తు చేస్తాను. తిరుమల గుడిలో హుండీ దగ్గర సంకీర్తన భాండాగారం ఉంది. తాళ్ళపాక వారి అర. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు చెప్పాడంటారు. కొడుకు పెదతిరుమలయ్య వాటిని రాగిరేకుల మీద చెక్కించాడు. తాటాకు చవక, రాగి ఖరీదు. అయినా రాగి మీదే చెక్కించాడు. శతాబ్దాల పాటు ఎవరూ తొంగి చూడకపోయినా రేకులు అక్కడే ఉన్నాయి. పోయిన శతాబ్దంలో వాటిని వెలికి తీసి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్ళు అక్షరం అక్షరం చదివి అచ్చు వేయించారు. దొరికినవి మొత్తంలో సగం కూడా లేవు. ఆ దొరికిన వాటితోనే ఈరోజు మన ఊరు తెల్లవారుతోంది.

ఇందులో రెండు పనులు ఉన్నాయి. రాగి మీద చెక్కి దాచడం ఒకటి. దాచినదాన్ని బయటికి తెచ్చి అచ్చు వేసి పదిమంది ఇళ్ళకు పంపడం ఇంకొకటి. మొదటి పని మాత్రమే జరిగి ఉంటే అన్నమయ్య అరలోనే ఉండేవాడు. మన పాత సినిమాల విషయంలో నేను అడిగేది ఆ రెండో పని గురించే.

ఎందుకంటే మొదటిది కొంత జరుగుతోంది. 2022లో కేంద్ర ప్రభుత్వం జాతీయ చలనచిత్ర వారసత్వ మిషన్ కింద 363 కోట్లతో 2,200 సినిమాలు పునరుద్ధరిస్తామంది. అదే ఏడాది గోవా చిత్రోత్సవంలో శంకరాభరణం కొత్త ప్రతి వేశారు. 2024లో అక్కినేని శతజయంతికి 1953 దేవదాసును 4కేలో బాగుచేసి వేశారు. గోవా వెళ్ళినవాళ్ళు చూశారు, అదృష్టవంతులు. ఆ ప్రతిని తిరుపతిలో ఉన్న నేను ఎప్పుడు, ఏ దుకాణంలో కొనుక్కోవాలి? పన్ను కట్టిన మనిషిగా ఈ ప్రశ్న అడిగే హక్కు నాకు ఉందనుకుంటున్నాను. పునరుద్ధరించిన ప్రతి సినిమాకూ, పండుగలో వేసిన రోజునే, ఇంటికి వచ్చే తేదీ కూడా ప్రకటించాలి. విదేశాల్లో అది మామూలు పద్ధతి.

ఇక నిర్మాతలు చేస్తున్న 4కే రీ-రిలీజులు. 2022లో పోకిరి నుంచి అంటుకున్న జ్వరం ఇది. 2023 మే 31న కృష్ణ మోసగాళ్ళకు మోసగాడు మళ్ళీ వచ్చింది, 1971 నాటి మన కౌబాయ్ సినిమా. 2025లో ఆదిత్య 369, జగదేకవీరుడు అతిలోకసుందరి, నవంబరు 14న డాల్బీ అట్మాస్ ధ్వనితో శివ. దాదాపు అన్నింటికీ నేను తిరుపతి హాళ్ళలో కాగితాలు ఎగరేసే కుర్రాళ్ళ మధ్య కూర్చుని చూశాను. ఆ సంబరం నాకు ఇష్టం. శివలో సైకిలు చైను లాగే చోట హాలు లేచి నిలబడింది, మూడున్నర దశాబ్దాల తర్వాత! అంటే ఇంట్లో మంచి ప్రతి పెట్టుకోవాలన్న ఆశ ఈ జనంలో లేదనడం అబద్ధం. కానీ వారం తిరిగేసరికి ఆ 4కే ఫైలు హాళ్ళ సర్వర్ల నుంచి చెరిగిపోతుంది. అంత ఖర్చు పెట్టి శుభ్రం చేసిన సినిమా మళ్ళీ కనబడకుండా పోతుంది. ఏదో ఓటీటీలో వస్తే వస్తుంది, ఒప్పందం అయిపోతే పోతుంది. వచ్చినా ఏ పాట ఉంది, ఏది ఎగిరింది, ఏ మాటకు శబ్దం ఆపారు అన్నది మన చేతిలో ఉండదు. రాత్రికి రాత్రి మార్చినా మనకు తెలియదు. డిస్కు అట్లా కాదు, అచ్చయ్యాక ఎవరూ వచ్చి మా ఇంటి అలమరలో దాన్ని మార్చలేరు.

నాణ్యత తేడా కూడా చిన్నది కాదు. 4కే డిస్కు సెకనుకు 100 మెగాబిట్లు దాటి సమాచారం ఇవ్వగలదు. నెట్టు మీద వచ్చే 4కే ఎక్కువగా 15 నుంచి 25 మధ్య. పాత ఫిల్ములో ఇసుకలా కదిలే గింజ ఉంటుంది చూడండి, ఆ తక్కువ దారిలో మొదట నలిగేది అదే.

కొనేవాళ్ళు ఉండరు అంటారు. ఇంగ్లండు ఇండికేటర్ సంస్థ చాలా సినిమాలకు మూడు వేలో, ఐదు వేలో కాపీలే వేస్తుంది. ముందుగా డబ్బు కట్టించుకుని అంతవరకే అచ్చు వేసే సంస్థలూ ఉన్నాయి. మాయాబజార్ నిఖార్సైన డిస్కుకు ప్రపంచంలో ఉన్న తెలుగువాళ్ళందరిలో మూడు వేల మంది దొరకరంటే నేను నమ్మను. పెళ్ళికి వెండి కుంకుమ భరిణె ఇచ్చే మనం మంచి అట్టపెట్టెలో మిస్సమ్మ ఇవ్వలేమా? 2007లో మోజర్ బేర్ కంపెనీ 28 రూపాయలకు వీసీడీ, 34 రూపాయలకు డీవీడీ అమ్మినప్పుడు మా గాంధీ రోడ్డులో జనం సంచుల్లో వేసుకుని పోయిన రోజులు నేను కళ్ళారా చూశాను. ఇప్పుడు ఆ ధర అడగను. విదేశీ డిస్కుకు పోస్టు ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిపి నేను కడుతున్నదాంట్లో సగం పెట్టండి, ఇద్దరికీ గిట్టుబాటు అవుతుంది.

ఇంకో అభ్యంతరానికి బలం ఉంది. డిస్కు కూడా శాశ్వతం కాదు అంటారు. నిజమే. నా దగ్గరి పాత డీవీడీల్లో కొన్నింటి అంచులు కాంస్యం రంగుకు తిరిగి ఆడటం మానేశాయి. డిస్కును ఆర్కైవ్ అని నేను అనను. కానీ డిస్కు వేయాలంటే ఎవరో ఒకరు హక్కుల కాగితాలు తీయాలి, గోదాము తాళం తీయాలి, డబ్బా మూత తీయాలి, నెగెటివ్ ఉందా లేదా చూడాలి, కడగాలి, స్కాన్ చేయాలి. "ఫలానా నెలలో వస్తుంది" అని నలుగురిలో ప్రకటించాక ఆ పని వాయిదా వేయడం కష్టం. ముహూర్తం పెట్టుకున్న ఇంట్లో గోడలకు సున్నం పడుతుంది కదా, అట్లా.

హీరోల పుట్టినరోజులకు వచ్చే సినిమాలను ఎవరో ఒకరు చూసుకుంటారు. నా బెంగ పుట్టినరోజులు చేసేవాళ్ళు లేని సినిమాల మీద. బి.నర్సింగరావు దాసి 1988లో తీసింది, ఐదు జాతీయ అవార్డులు. కెమెరామన్ ఎ.కె.బీర్ అందులోని దొర గడీని ఎంత చీకటితో తీశాడో మంచి ప్రతిలో తప్ప అర్థం కాదు. 1980లో వచ్చిన మాభూమి. ముత్యాల ముగ్గులో కెమెరామన్ ఇషాన్ ఆర్య పట్టుకున్న పగటి వెలుతురు. కల్ట్ అనే మాటకు అసలు అర్థం చూపించే క్షణ క్షణం, ఏప్రిల్ 1 విడుదల.

అన్నింటికన్నా నాకు దగ్గరిది యోగి వేమన, 1947. కె.వి.రెడ్డి దర్శకుడు, నాగయ్య వేమన. పుట్టింది రేపల్లెలో అయినా మా జిల్లాలో నాటకాలు వేసి పేరు తెచ్చుకోబట్టి ఆయన చిత్తూరు నాగయ్య. చిత్తూరులో ఆయన పేరు మీద కళాక్షేత్రం ఉంది. రెండేళ్ళ కిందట మేం కొందరం చిత్తూరులో డిగ్రీ పిల్లలకు ఆ సినిమా చూపించాం. దొరికిన కాపీలో మొహాలు సగం వరకు పొగ మంచులో ఉన్నాయి, ధ్వనిలో బర్రుమనే చప్పుడు. పావుగంటకు పిల్లలు ఫోన్లు తీశారు, నేను వాళ్ళను తప్పు పట్టలేను. కానీ నాగయ్య గొంతెత్తి పద్యం అందుకున్నప్పుడు, ఆ బర్రుమనే చప్పుడును చీల్చుకుని వచ్చిన ఆ గొంతుకు, ముందు వరసలో ఒక అమ్మాయి ఫోను ఒళ్ళో బోర్లించి పెట్టింది. సినిమా అయ్యాక వచ్చి "సార్, బాగున్న ప్రింటు ఏదన్నా ఉందా, మా తాతకు చూపిస్తా" అంది. మా అవ్వ అడిగిన ప్రశ్నే. అరవై ఏళ్ళు తేడా ఉన్న ఇద్దరు మనుషులకు నా దగ్గర ఒకటే జవాబు, లేదమ్మా.

ఆ జవాబు చెప్పడం ఇక నాకు చేతకాదు. అందుకని ఆ నోటు పుస్తకంలో వెనక పేజీల నుంచి ఇంకో జాబితా మొదలుపెట్టాను. నాకు తెలిసిన పాత నిర్మాణ సంస్థలు, వాళ్ళ వారసులు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు, హక్కులు ఎవరి దగ్గర ఉన్నాయి. సాయంత్రాలు యూనివర్సిటీ దగ్గర టీ కొట్టులో కలిసే మిత్రులు తలా ఇద్దరు ముగ్గురిని వెతికి పట్టారు. మంచి డిస్కు వస్తే ముందే డబ్బు కడతామని పేర్లు రాసినవాళ్ళు నూట పన్నెండు మంది అయ్యారు, అందులో ఆపరేటర్ మామది మొదటి పేరు. ఫోన్లు చేస్తున్నాం. కొందరు ఎత్తలేదు. కొందరు "ఎప్పుడో అమ్మేశాం" అన్నారు. ఒకరు, డెబ్భైలలో రంగుల్లో ఒకే ఒక్క సినిమా తీసిన నిర్మాత కూతురు, చాలాసేపు మాట్లాడింది. సినిమా పేరు రాయడానికి ఆమెను ఇంకా అడగలేదు కాబట్టి ఇక్కడ చెప్పను. వడపళని దగ్గర పాత ఇంట్లో, మేడమెట్ల కింద పదిహేను డబ్బాలు ఉన్నాయట. నాన్న పోయాక మూత తీయలేదట.

"ఏదో పులుపు వాసన వస్తోందండీ, పారేద్దామనుకుంటున్నాం" అంది.

పారేయొద్దమ్మా, మూతలు తీయొద్దు, ఆదివారం దాకా ఆగండి అన్నాను. మామకు చెబితే, తెల్ల నూలు గుడ్డలూ పాత రివైండర్ కడ్డీ సంచిలో సర్దేశాడు. ఆ సినిమా తను వేశాడట, జ్ఞాపకం ఉందట. తెల్లవారి నాలుగున్నరకు మద్రాసు బస్సుంది.